మిర్యాలగూడ నుంచి రాని కవరు

పోస్ట్‌మన్ మా షాపు ముందుకు పదకొండున్నర ప్రాంతంలో వస్తాడు. పదకొండు నుంచే నాకు చేతులు ఆడవు. ఆధార్ కార్డు ముందు వైపు రెండుసార్లు తీసి వెనక వైపు మరిచిపోతాను. ఒకరి కాయితాలు ఇంకొకరి చేతిలో పెడతాను. పాసుపుస్తకం జిరాక్స్ కోసం మోతె నుంచి వచ్చిన పెద్దాయన ఒక రోజు నన్ను కాసేపు చూసి, "ఏందమ్మా, పాణం బాగలేదా? మల్ల వస్త తియ్" అని లేవబోయాడు. పాణం బాగానే ఉంది. మిర్యాలగూడ నుంచి కవరు రావాలి, రావడం లేదు, అదే నా రోగం.

సూర్యాపేటలో మాది చిన్న షాపు. జిరాక్స్, లామినేషన్, ఫారాలు నింపడం. నాకు యాభై దాటాయి. ఫుట్‌బాల్ గురించి జట్టుకు పదకొండు మంది అన్నది తప్ప ఏమీ తెలియదు. మా ఆయన తుంగతుర్తి దగ్గర బడిలో సారు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఉప్పు డబ్బా, కారం డబ్బా ఎదురెదురుగా పెట్టి మూడుసార్లు చెప్పాడు. నాలుగోసారి నేను డబ్బాలు తీసుకుని కూర వండుకున్నాను. అలాంటిదాన్ని, ఎప్పుడో ఆట మానేసిన ముసలి ఆటగాళ్లకు రెండేళ్లుగా ఉత్తరాలు రాసి, పోస్టులో సంతకాలు తెప్పించుకుంటున్నాను. చూసినవాళ్లకు పిచ్చిలాగే ఉంటుంది. నాకు మాత్రం అది బాకీ.

బాకీ మా అన్నకు. అన్నకూ నాకూ పదేళ్ల తేడా. నాకు ఏడేళ్లప్పుడు హైదరాబాదు నుంచి ఒక పెద్ద జట్టు సూర్యాపేట కాలేజీ గ్రౌండులో ఆడటానికి వచ్చింది. అన్న అప్పుడు ఇంటర్, కాలేజీ టీములో ఆడేవాడు. ఆ జట్టులోని పదకొండు మంది పేర్లు ఎక్కాల్లా అప్పజెప్పేవాడు. పొద్దున పళ్లు తోముకుంటూ గోల్‌కీపరుతో, అన్న మాటలో గోలీతో, మొదలుపెట్టి, సైకిలు ఎక్కేసరికి ఎడమ చివర ఆడే లెఫ్ట్ అవుట్ దాకా వచ్చేవాడు. వినీ వినీ నాకూ కంఠతా వచ్చేశాయి. ఆట అయ్యాక వాన పడింది. అన్న రూళ్ల నోట్‌బుక్ పట్టుకుని, ఆటగాళ్లు బట్టలు మార్చుకునే గది బయట తడుస్తూ నిలబడ్డాడట. తడి కాయితం మీద పెన్ను రాయలేదు. ఎవరిదో పెన్సిలు అడుక్కుని ఆ పదకొండు మందితో ఒకే పేజీ మీద సంతకాలు పెట్టించుకున్నాడు. ఆ రాత్రి అన్నం కూడా తినలేదు. నోట్‌బుక్ దిండు కింద పెట్టుకుని పడుకున్నాడు.

రోజుకు పదిసార్లు తీసి చూసేవాడు. పెన్సిలు గీత, అందులోనూ తడి కాయితం, దాని మీద చెమట చేతులు. నెల తిరిగేసరికి సంతకాలు మసకబడ్డాయి. "పోతున్నయే అమ్మా" అని అమ్మతో అనడం నేను విన్నాను.

నేను రెండో తరగతి. మాకు బళ్లో సారు పలక మీద సన్నగా అక్షరం రాసిచ్చేవాడు. దాని మీదే బలపంతో పదిసార్లు, ఇరవైసార్లు దిద్దాలి. దిద్దితే అక్షరం లావెక్కుతుంది, నిగనిగలాడుతుంది, సారు వీపు తడతాడు. నాకు తెలిసిన చదువంతా అదే. సన్నబడ్డ అక్షరం కనిపిస్తే దిద్దాలి. అన్న కాలేజీకి పోయిన ఒక పూట, బాపు జేబులోంచి బాల్‌పెన్ను తీసి, బండ మీద బోర్లా పడుకుని పదకొండు సంతకాలూ దిద్దాను. ఇంగ్లీషు రాదు కాబట్టి ముగ్గు దిద్దినట్టే దిద్దాను. బలపం అలవాటుతో ఎంత గట్టిగా వత్తానంటే అవతలి పేజీలో కూడా గాట్లు పడ్డాయి. అంతా అయ్యాక, ఇంత మంచి పని చేశాను కదా అని, కింద నా పేరు కూడా రాశాను.

అన్న వచ్చి నోట్‌బుక్ తెరిచాడు. నేను పక్కనే నిలబడ్డాను, వీపు తడతాడని. చాలాసేపు చూశాడు. మూశాడు. అటక మీదికి విసిరేసి బయటికి పోయాడు. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఆ తర్వాత చాలా రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. ఏడాది తిరగకుండానే ఆట కూడా మానేశాడు. చేసిన పని ఏమిటో నాకు ఆరో తరగతిలో, ఇంగ్లీషు చదవడం వచ్చాక అర్థమైంది. కొట్టి ఉంటే ఆ రోజే ఖతమయ్యేది. పడని దెబ్బ కోసం నలభై నాలుగేళ్లుగా వీపు బిగబట్టుకుని తిరుగుతున్నాను. నాకు ఒక చోట కాలు నిలవదని అందరూ అంటారు. ఎట్లా నిలుస్తుంది?

అన్న తర్వాత కోదాడలో మోటార్ వైండింగ్ షాపు పెట్టాడు. అనంతగిరి వైపు రైతులు కాలిపోయిన బోరు మోటార్లు తెస్తే పాత తీగ పీకి కొత్త రాగి తీగ చుట్టే పని. పెళ్లి కూడా అక్కడి అమ్మాయితోనే. కోదాడ నీళ్లు పడ్డాక అన్న మాట సగం ఆంధ్రా అయింది. ఒకే మాటలో "వచ్చావా" అంటాడు, "కూసో" అంటాడు. ఫోనులో నేను ఏడిపిస్తే నవ్వుతాడు. మంచి మనిషి. నోట్‌బుక్ సంగతి మాత్రం ఆయన ఎత్తలేదు, నేను ఎత్తలేదు.

మూడేళ్ల క్రితం అన్నకు షుగర్ కళ్లకు ఎక్కింది. ఎడమ కన్ను అప్పటికే పోయింది. హైదరాబాదు దవాఖానలో కుడి కంటికి సూదులు వేశారు. "ఉన్న చూపు ఉన్నంత కాలం ఉంటది, తర్వాత మా చేతుల లేదు" అన్నాడట డాక్టర్. ఆ మాట వదిన నాకు చెప్పిన రోజు నుంచి నాకు ఒకటే గోల. ఆ చూపు ఉండగానే ఆ సంతకాలు, అసలైనవి, వాళ్ల చేత్తో పెట్టినవి, అన్న కళ్ల ముందు పెట్టాలి.

దారి చూపించింది ఒక రిటైర్డు లెక్చరర్. ఒక క్రికెట్ ఆటగాడి సంతకం లామినేషన్ చేయించుకోవడానికి మా షాపుకు వచ్చాడు. ఎక్కడ కలిశారు సార్ అంటే, "కలుసుడేంది, పోస్టుల తెప్పించిన" అన్నాడు. పద్ధతంతా చెప్పాడు. ఉత్తరం ఒక్క పేజీ దాటొద్దు. ఒక తెల్ల కార్డు పెట్టాలి. మన అడ్రసు రాసి స్టాంపులు అంటించిన ఇంకో కవరు లోపలే పెట్టాలి, వాళ్లు సంతకం చేసి డబ్బాలో పడేస్తే చాలు. ఫోన్ చేయొద్దు, ఇంటికి పోవద్దు. "జవాబు రాకపోవుడు గూడ జవాబేనమ్మా. గుమ్మం ఎక్కిన్నాడు అది అడుక్కునుడు అయితది." ఆ మాట నాకు నచ్చింది. నిజం చెప్పాలంటే ఎవరి గుమ్మమూ ఎక్కి, నేను చేసిన పని నోటితో చెప్పుకోనక్కర లేదు కాబట్టి నచ్చింది.

పాత ఆటలంటే ప్రాణం పెట్టేవాళ్లు ఫేస్‌బుక్‌లో బోలెడు మంది ఉన్నారు. పేర్లు ఇస్తే అడ్రసులు వెతికిపెట్టారు. పదకొండు మందిలో నలుగురు పోయారు. ఇద్దరు కేరళలో, ఇద్దరు బెంగాల్లో, ఒకరు గోవాలో, ఒకరు హైదరాబాదు పాతబస్తీలో ఉన్నారు. ఏడో ఆయన, లెఫ్ట్ అవుట్, జాడ తెలియలేదు. ఇంగ్లీషులో ఉత్తరం మా ఆయన రాసిపెట్టాడు. మొదటి వాక్యం నాదే: "మీ ఆట నేను చూడలేదు, మా అన్న చూశాడు."

మొదటి కవరు కేరళకు, గోలీకి. అంటించి బల్ల మీద పెడితే మా అత్తమ్మ వచ్చి చూసింది.

"బోడి మూలల తోని పంపుతరా ఎవలన్న? మంచి పనికి పోయే కాయితం. అశుభం కార్డు అనుకుంటరు" అని, పసుపు తడిపి నాలుగు మూలలా అద్దింది. నేను నవ్వాను. "ఆయన మలయాళం మనిషి అత్తమ్మా, పసుపు మరక అనుకుంటడు" అన్నాను. పన్నెండో రోజు జవాబు వచ్చింది. నల్ల స్కెచ్ పెన్నుతో కార్డు మీద సంతకం, దాని కింద "మీ అన్నకు నమస్కారం" అని ఇంగ్లీషులో ఒక ముక్క. షాపులో జనం ముందే ఏడ్చాను.

ఇక ఆ తర్వాత నా చేత్తో నేనే పసుపు అద్దడం మొదలుపెట్టాను. మూఢనమ్మకం అని మా ఆయన అంటే, మీ పిల్లలు పరీక్షకు పోయేటప్పుడు పెన్నుకు దండం పెట్టుకోరా అన్నాను. పసుపు అద్దిన ప్రతి కవరుకూ జవాబు వచ్చింది మరి. బెంగాల్ పెద్దమనిషి ఒకాయన సంతకం పక్కనే "వధూవరులకు నా దీవెనలు" అని రాశాడు. పాపం వయసు, మతి తప్పిందనుకున్నాను. ఆ వాక్యం దగ్గర ఒక్క నిమిషం ఆగి ఆలోచించి ఉంటే ఎంత బాగుండేది. ఆగడం నా ఒంట్లో లేదు.

వచ్చిన కార్డులు వచ్చినట్టే లామినేషన్ చేశాను. అది మా షాపు రోగం. వాన, చెమట, మసక, ఏదీ ఈసారి వాటిని ముట్టుకోకూడదు. వేడి మిషన్‌లోంచి కార్డు మెరుస్తూ బయటికి వస్తుంటే, ఇగ పో, ఎవరు చెరుపుతారో చూస్తా అనిపించేది.

పాతబస్తీ ఆయన ఉర్దూలో పెద్ద ఉత్తరం రాశాడు. మా సందు చివర టైలర్ చదివిపెట్టాడు. అందులో ఉంది, లెఫ్ట్ అవుట్ మీ దగ్గరే ఉన్నాడమ్మా, రిటైరయ్యాక భార్య పుట్టిన ఊళ్లో ఇల్లు కట్టుకున్నాడు, మిర్యాలగూడ, అని. అడ్రసు కూడా ఉంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే. బస్సెక్కితే గంటన్నర.

అదే రోజు కవరు వేశాను. మూడు రోజుల్లో వస్తుందనుకున్నాను, మూడు వారాలైనా రాలేదు. రెండో కవరు వేశాను, ఈసారి పసుపు మీద కుంకుమ కూడా పెట్టి. నెల గడిచింది. పోస్ట్‌మన్ మా షాపు మెట్ల దగ్గర తల ఎత్తకుండా సైకిలు తొక్కడం నేర్చుకున్నాడు. మూడో కవరుకు పసుపు మూలల్లో ఆపకుండా అంచుల చుట్టూ పూశాను. అత్తమ్మే చూసి, "గంత పూస్తరా, అది కవరా, పెండ్లిపిల్లనా?" అంది.

ఇంట్లో మంచినీళ్ల గ్లాసు పట్టుకుని కూడా నిలబడి తాగడం లేదు, తిరుగుతూ తాగుతున్నాను. మా ఆయన పేపర్లోంచి తల ఎత్తి, "కాలు కాలిన పిల్లి లెక్క గా తిరుగుడేందే? ఆరు వచ్చినయి గదా. ఉన్నయి తీస్కపోయి మీ అన్నకు ఇచ్చి రారాదు?" అన్నాడు.

"ఏడుగురు బతికి ఉంటే ఆరుగురివి ఇస్తనా? ఆయనకు అందరికన్న ఇష్టమైంది లెఫ్ట్ అవుటే" అన్నాను.

"కన్ను నీ లెఫ్ట్ అవుట్ కోసం ఆగదు" అన్నాడు.

కోపం వచ్చి మిక్సీ వేశాను, మాట వినపడకుండా. గిన్నెలో ఏమీ లేదు. ఆ మాట నిజమని నాకు అప్పుడే తెలుసు. తెలిసి కూడా ఆగాను. మొండితనం నాకు పుట్టుకతో వచ్చింది, బుద్ధి మాత్రం పోస్టులో రావాలి.

మూడో కవరు వేసి మూడు వారాలయ్యాక వదిన ఫోన్ చేసింది. ఆమె కూడా నన్ను వదినా అనే పిలుస్తుంది. "వదినా, మీ అన్నయ్యకి ఈ వారం నుంచి అంతా మసకే. నిన్న నా మొహం ఆనవాలు పట్టలేదు. గొంతు విని పలికారు. నువ్వు కంగారు పడతావని చెప్పొద్దన్నారు" అంది. ఫోన్ పెట్టేశాక షాపు షట్టర్ సగం దించి, ఆ చీకట్లో కుర్చీలో కూర్చున్నాను. మళ్లీ లేచాను. మళ్లీ కూర్చున్నాను.

తెల్లారి లామినేషన్ చేసిన ఆరు కార్డులూ బ్యాగులో వేసుకుని మిర్యాలగూడ బస్సెక్కాను. ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ చేతిలో నలుపుతూ, లెక్చరర్ చెప్పిన నియమం మనసులో నలుపుతూ కూర్చున్నాను. గుమ్మం ఎక్కితే అడుక్కోవడం అవుతుంది. అయితే అవనీ. నిండా మునిగినదానికి చలేమిటి? ముందు వరి లోడు లారీలు ఏడెనిమిది వరసగా మిల్లుల వైపు పాకుతున్నాయి. బస్సు వాటి వెనకే పాకింది. దిగి తోసేద్దామన్నంత చిరాకు వేసింది.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. "బంతి సారు ఇల్లా?" అని కిరాణా కొట్టు ఆవిడ చెయ్యి చూపించింది. గుమ్మంలో వాకర్ ఉంది. లోపల మంచం మీద పొడుగాటి మనిషి, ఒక కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు. నేను సూర్యాపేట నుంచి వచ్చానని, మూడు ఉత్తరాలు రాశానని చెప్పాను.

ఆయన మొహం ఒక్కసారిగా ముడుచుకుపోయింది. చేతులు జోడించాడు. "మాఫ్ చెయ్యి బిడ్డా. రాలేకపోయిన. తుంటి ఇరిగి ఏడాదాయె. పెండ్లి మంచిగ అయ్యిందా? పిల్ల నీ బిడ్డనేనా?"

"ఎవరి పెండ్లి?" అన్నాను.

ఆయన భార్య వంటింట్లోకి పోయి, కిటికీ ఊచకు కట్టిన తీగ తీసుకొచ్చింది. దానికి పెళ్లి కార్డులు గుచ్చి ఉన్నాయి, గుత్తిలా. వాటి మధ్యలో నా మూడు కవర్లు. పసుపువి, పసుపు కుంకుమవి, పెళ్లిపిల్లలా ముస్తాబైనది. మూడూ అంటించినవి అంటించినట్టే ఉన్నాయి.

"పడ్డప్పటి సంది ఈయన పెండ్లి పత్రికలు ఇప్పనియ్యడమ్మా" అంది ఆమె. ఆయన అందుకున్నాడు. "ఇప్పి సూసినంక పోకపోతే తప్పు గదా. ఇప్పకుంటే మనకు తెల్వనట్టే. ఒక్క ఇంటి నుంచే మూడు వచ్చినయంటే, ఎంత దగ్గరి సుట్టమో అని రోజు బాధపడుతున్న."

నాకు నవ్వు వచ్చింది, దాని వెనకే ఏడుపు. కేరళలో, గోవాలో పసుపు వాళ్లకు వట్టి మరక. విప్పి చదివారు. బెంగాలాయన దీవించి మరీ సంతకం పెట్టాడు. పసుపుకు పూర్తి అర్థం తెలిసిన తెలుగు మనిషి ఒక్కడే, తెలిసినందుకే, మర్యాదగా తీగకు గుచ్చాడు. మూడు నెలలు. ఆ మూడు నెలల్లోనే అన్న కుడి కన్ను పోయింది. శుభం కలగాలని నా చేత్తో నేను పూసిన పసుపు అది. ఎవరిని తిట్టాలో తెలియక నన్ను నేనే తిట్టుకున్నాను, బయటికే. ఆయన భార్య మంచినీళ్లు ఇచ్చింది.

అప్పుడు ఆ పెద్దాయనకు అంతా చెప్పాను. వాన, పెన్సిలు, పలక, బాపు పెన్ను, కింద నా పేరు, అన్న కన్ను. జీవితంలో మొదటిసారి ఇంకో మనిషికి చెప్పాను.  అంతా విని ఆయన కార్డు అడిగాడు. నేను స్కెచ్ పెన్ను తీసి ఇచ్చాను. చెయ్యి వణుకుతోంది, పెన్ను కార్డు మీద జారింది.

"ఇది నిలువదు బిడ్డా. బాల్‌పెన్ను ఇయ్యి. వత్తి పట్టుకుంటే గని నా చెయ్యి ఆగదు" అన్నాడు. చపాతీ పీట మీద కార్డు పెట్టుకుని, నాలుక పంటి కింద పెట్టి, ఒక్కొక్క అక్షరం తవ్వినట్టు రాశాడు. 

అక్కడి నుంచే హుజూర్‌నగర్ మీదుగా కోదాడ బస్సెక్కాను. కార్డును చీర కొంగులో పెట్టి పట్టుకున్నాను. లామినేషన్ చేసే సమయం లేదు.

అన్న షాపులోనే ఉన్నాడు. ఒళ్లో తీగ చుట్టాల్సిన మోటారు గుండు, చేతిలో రాగి తీగ. మొహం పైకెత్తి ఉంది, చూపు ఎదురుగా గోడ మీద, వేళ్లు మాత్రం కింద చకచకా తీగ చుట్టేస్తున్నాయి. పెదాలతో చుట్లు లెక్కపెడుతున్నాడు. నేను మెట్టు ఎక్కగానే, "చెల్లెనా? వచ్చావా? కూసో. గా చెప్పుల చప్పుడు నీదే, పరిగెత్తినట్టు" అన్నాడు.

కూర్చోలేదు. ఆరు కార్డులూ ఆయన చేతిలో పెట్టాను. ఏమిటివి అన్నాడు. సంతకాలన్నా, ఆ జట్టువి, గోలీవి, రైట్ బ్యాక్‌వి, పోస్టులో తెప్పించిన, అని గబగబా చెప్పేశాను.  అన్న ఒక కార్డు తీసుకుని ముక్కుకు తగిలేంత దగ్గర పెట్టుకున్నాడు. వెలుతురు వైపు తిప్పాడు. బొటనవేలు దాని మీద పెట్టి నెమ్మదిగా లాగాడు.

"ప్లాస్టిక్కా?"

"లామినేషన్."

"మెరుస్తున్నట్టు తెలుస్తంది. లోపలిది దొరుకుతలేదు" అన్నాడు, నన్ను నొప్పించకూడదని మెల్లగా.

ఒక కార్డు లాక్కుని అంచు గోటితో పీకాను. లామినేషన్ ఊడదు. ఊడదీస్తే లోపలి కాయితం చిరుగుతుంది. రోజూ పదిమందికి ఆ సంగతి చెప్పేదాన్ని నేనే. రెండేళ్లు తిరిగి తెచ్చినవి నా మిషన్‌తో నేనే మూసేశాను. అప్పుడు చేసిందీ ఇప్పుడు చేసిందీ ఒకటే పని అనిపించింది. ఏడుపు ఆపుకోవడానికి కొంగు తీస్తే ఏడో కార్డు చేతికి తగిలింది. అది ఇచ్చాను. "లెఫ్ట్ అవుట్" అన్నాను.

అన్న వేలు దాని మీద పెట్టాడు. కదిలించాడు. ఆగాడు. వెనక్కు తీసుకుపోయి మళ్లీ మొదటి నుంచి కదిలించాడు.

"ఇది ఉన్నది" అన్నాడు. "చెయ్యి వణికింది గదా ఆయనకు?"

తల ఊపాను. ఊపితే కనిపించదని గుర్తొచ్చి "అవునన్నా" అన్నాను.

అన్న లోపలికి కేకేసి, బీరువా కింది అరలోంచి పాత నోట్‌బుక్ తెమ్మన్నాడు. వదిన తెచ్చింది. నలభై నాలుగేళ్ల తర్వాత దాని అట్ట చూశాను.  మోటారు పెట్టె మీద కూర్చున్నాను.

"రోజూ మధ్యాహ్నం అదే పని వదినా" అంది వదిన. "కళ్లు తగ్గినప్పటి నుంచి అదే ముందేసుకుని కూర్చుంటారు."

అన్న ఆ పేజీ తీసి, వెనక్కి తిప్పి, గాట్లు ఉబ్బి ఉన్న వైపు వేలు పెట్టాడు. పైనుంచి కిందికి, తీగ తడిమినట్టు. "గోలీ. రైట్ బ్యాక్. ఈయన పేరుల నువ్వొక కొక్కెం ఎక్కువ పెట్టినవ్. ఇగో లెఫ్ట్ బ్యాక్." ఒక్కొక్కరినీ పిలుచుకుంటూ వచ్చాడు, పళ్లు తోముకుంటూ చెప్పిన వరసలోనే. పోయిన నలుగురు కూడా వచ్చారు. లెఫ్ట్ అవుట్ దగ్గర కొత్త కార్డు పక్కన పెట్టుకుని రెండింటినీ తడిమి నవ్వాడు. "పెన్సిలు అయితే ఎప్పుడో పోయేటివి. నువ్వు దిద్దబట్టి ఉన్నయి" అన్నాడు.

"ఆ రోజు నీకు కోపం రాలేదా?"

"రాలేదా? చంపుదామన్నంత వచ్చింది."

"మరి కొట్టలేదెందుకు?"

"కొడదామనే చెయ్యి లేపిన. కింద నీ పేరు చూసిన. పదకొండు మంది కింద పన్నెండోదానివి. నవ్వొచ్చింది. నవ్వినంక ఎట్ల కొడతం?"

"ఎన్ని రోజులు మాట్లాడలేదు నాతోని!"

"నీతోనేనా? ఆ వారమే బాపు చెప్పిండు, ఇంటర్ అయినంక మోటర్ల పనికే పోవాలె, ఆట బంద్ అని. ఎవ్వరితోని మాట్లాడలేదు నేను. నీకు ఒక్కదానికే అనుకున్నవా?"

నలభై నాలుగేళ్లు అట్లాగే అనుకున్నాను. 

అన్న వేలు ఇంకా కిందికి పోయింది. పేజీ చివర ఆగింది. "దీన్నే అన్నిటికన్న గట్టిగ వత్తినవ్" అన్నాడు. అక్కడ ఉన్నది నా పేరు. వేలు దాని మీద అట్లాగే పెట్టుకుని కూర్చున్నాడు. బయట సూర్యాపేట బస్సు కోదాడ బస్టాండు వైపు హారన్ కొట్టుకుంటూ పోయింది. నేను లేవలేదు.